చోటు చాలని పెళ్లికార్డులు

నేను ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ని. అసెంబుల్డ్ అన్నాను కదా అని అసెంబ్లీలో కూర్చుని వచ్చాననుకునేరు. పోలిక మాత్రం లేకపోలేదు. తలో పార్టీ నుంచి వచ్చినవాళ్లం ఒకే క్యాబినెట్లో సర్దుకున్నాం. మదర్‌బోర్డు ఒక కంపెనీది, హార్డ్ డిస్కు ఇంకో కంపెనీది, ఫ్యాను ఏ కంపెనీదో ఆ కంపెనీకే తెలియదు. అయినా పదమూడేళ్లుగా నా క్యాబినెట్టు కూలలేదు. విస్తరణ మాత్రం ఒకసారి జరిగింది: నాలుగు జీబీల ర్యామ్‌ని ఎనిమిది చేశారు. లోపల అంత ర్యామ్ ఉన్నా నాకు హనుమంతుడి వేగం రాలేదు. మదర్‌బోర్డు ఉంది కాబట్టి తల్లి ఎవరో చెప్పగలను. తండ్రి మాత్రం రాజమండ్రిలో ఒక మేడమీది షాపులో నన్ను బిగించిన స్క్రూడ్రైవరే.

మొదట నన్ను మండపేటలో ఒక రైసుమిల్లు ఆఫీసుకి తీసుకెళ్లారు. ఎనిమిది నెలలు బియ్యం బస్తాల జాబితాలు మోశాను. ఒకరోజు వాస్తు చూసే ఆయనొకడు వచ్చి, ఈశాన్యం మూల బరువు ఉండకూడదన్నాడు. ఈశాన్యం మూల నేనున్నాను. నా పక్కన కుర్చీలో నూట పది కిలోల మిల్లు యజమాని కూడా ఉన్నాడు. ఇద్దరిలో ఒకరు కదలాలి కాబట్టి నేను కదిలాను. మనుషుల ఇళ్లలో దోషం ఎప్పుడూ సులువుగా కదిలించగలిగిన వస్తువులోనే ఉంటుందని ఆ రోజే తెలిసింది.

అలా రిక్షా ఎక్కి, బస్టాండు దగ్గర ‘శ్రీ కల్యాణి డీటీపీ, జిరాక్స్’ అనే షాపులో దిగాను. యజమాని పేరు పసుపులేటి సూరిబాబు. పెళ్లికార్డులు వేసే మనిషికి ఇంటిపేరులోనే పసుపు ఉండటం, ఊరి పేరులోనే మండపం ఉండటం దేవుడు వేసిన డిజైను అనుకోవాలి. సూరిబాబు గారు సన్నగా, నిలబెట్టిన స్కేలులా ఉంటారు. నన్ను బల్లమీద పెట్టగానే కొబ్బరికాయ కొట్టి, శుభలేఖ నాలుగు మూలలకీ రాసినట్టే నా తెర నాలుగు మూలలకీ పసుపు రాశారు. అప్పటి నుంచి ప్రతి ముహూర్తాల సీజనుకీ రాస్తూనే ఉన్నారు. ఒకసారి ఆ పసుపు పైనున్న కెమెరా కన్నుకి అంటుకుంది. ఆ వారం పింఛను కాగితాలకి ఫోటో దిగిన రిటైర్డు హెడ్మాస్టర్లందరూ నలుగు పెట్టుకున్న పెళ్లికూతుళ్లలా పడ్డారు.

టైపు చేసేది నూకరత్నం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, వేళ్లు వడగళ్లు పడ్డట్టు పడతాయి. ఆవిడ కీబోర్డు ముందు కూర్చుంటే నాకు ఒళ్లంతా మర్దన చేసినట్టుంటుంది. సూరిబాబు గారు కొడితే మాత్రం ఒక్కో అక్షరానికీ ఒక్కో ముహూర్తం పెట్టినట్టుంటుంది.

మా షాపుకి ఒక కట్టుబాటుంది. పెళ్లికార్డు చెరపకూడదు. చావుకార్డు ఉంచకూడదు. పెద్దకర్మ కార్డు ఎవరైనా వేయించుకుంటే, ఆ కర్మ జరిగిన మర్నాడు పొద్దున్నే దీపం పెట్టకముందే సూరిబాబు గారు దాన్ని నాలోంచి తుడిచేస్తారు. ఊళ్లో జనం చావుకార్డు చదివి చింపేసినట్టే అది. పెళ్లికార్డు అలా కాదు. పెళ్లయిపోయినా, వాళ్లకి పిల్లలు పుట్టినా, ఆ పిల్లలకి ఓణీల ఫంక్షను జరిగినా ఆ ఫైలు అలాగే ఉండాలి. కాబట్టి నా డిస్కును బట్టి చూస్తే మండపేటలో పదమూడేళ్లుగా ఎవరూ చనిపోలేదు. అందరూ ఇరవై ఏడేళ్ల వరుళ్లే, ఇరవై రెండేళ్ల వధువులే. చిరంజీవులు అని టైపు చేయడం వేరు, నిజంగా చిరంజీవులుగా దాచడం వేరు. రెండోది నేను చేశాను.

పెళ్లికార్డు చెరపకూడదన్న కట్టుబాటు మాత్రం సూరిబాబు గారు పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. పన్నెండేళ్ల కిందట, నేను షాపుకొచ్చిన కొత్తలో, వెంకాయమ్మ గారని ప్రభుత్వాసుపత్రి నర్సు తన కూతురు హైమవతి పెళ్లికార్డుకి ఆర్డరిచ్చారు. కార్డు సిద్ధమయ్యే లోపల వెంకాయమ్మ గారి తండ్రి గవర్రాజు గారు పోయారు. పెళ్లి నెల్లాళ్లు వెనక్కి జరిగింది. ముందు పెద్దకర్మ కార్డు వేయాల్సి వచ్చింది. నూకరత్నం రెండు ఫైళ్లకీ ఆర్డరిచ్చినావిడ పేరే పెట్టింది: వెంకాయమ్మగారు-1, వెంకాయమ్మగారు-2. కర్మ జరిగిన మర్నాడు సూరిబాబు గారు అలవాటు ప్రకారం దీపం పెట్టకముందే, కళ్లజోడు కూడా పెట్టుకోకముందే, ఒకటోది చెరిపేశారు. చావుకార్డు రెండోది. ఆయన చెరిపింది పెళ్లి.

మళ్లీ టైపు చేస్తే పోయేదే. కానీ వారం తిరగకుండా ఆ పెళ్లి నిజంగానే ఆగిపోయిందని కబురొచ్చింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. ఆయన ఎవరినీ అడగలేదు. అడగకుండానే కారణం తెలిసిపోయిందనుకున్నారు. ఆ తర్వాత పెళ్లి ఫైళ్ల జోలికి వెళ్లలేదు. వెంకాయమ్మగారు-2ని కూడా భయంకొద్దీ ముట్టుకోలేదు. వెంకాయమ్మ గారు రోడ్డు మీద కనపడితే చాలు, చటుక్కున వంగి నా తెర వెనక దాక్కునేవారు. ఆయన సన్నటి మనిషి, నేను పాతకాలపు వెడల్పాటి పెట్టెని. ఆయన మొహం దాచడానికి నేను సరిపోయాను. ఆయన బెంగ దాచడానికి మాత్రం సరిపోలేదు. దాక్కున్నప్పుడు నా ఫ్యాను గాలి ఆయన చెంపలకి తగిలేది. ఆయన ఊపిరి నా వైర్లకి తగిలేది.

కాలం మారింది. పెళ్లి పిలుపులు ఫోన్లలోకి ఎగిరిపోయాయి. దేవుడి బొమ్మ, సన్నాయి పాట, కదిలే అరటిచెట్లు, అంతా ఫోన్లోనే. కార్డు వేయించుకునేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మిగిలారు. షాపుని నిలబెట్టింది చివరికి ఆ వేళ్లే. పింఛను తీసుకునే పెద్దవాళ్లు ఏటా నవంబర్లో తాము బతికే ఉన్నామని వేలిముద్ర వేసి రుజువు చేసుకోవాలి కదా, ఆ పని మేం చేస్తాం. గీతలు అరిగిపోయిన వేళ్లవాళ్లని ముద్ర పడేదాకా కూర్చోబెట్టి, మధ్యలో కాఫీ ఇప్పించి, గోరువెచ్చని నీళ్లతో వేలు కడిగించి మరీ వేయించే షాపు చుట్టుపక్కల ఇదొక్కటే. ఒక్కటి తప్ప చావు అనేదే లేని నా కడుపుని బతుకు రుజువులకి వాడుకోవడం నాకు గర్వంగానే ఉండేది.

ఈ ఏడు దసరా అయ్యాక తెరమీద ఒక నోటీసు వచ్చింది. నవంబరు ఒకటి నుంచి వేలిముద్రల ప్రోగ్రాం పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడవదు. కొత్తది ఎక్కించుకోవాలి. సూరిబాబు గారు ఎక్కించబోయారు. నేను ఎక్కించుకోలేదు. ‘అప్‌గ్రేడ్ కుదరదు’ అని ఒక పొడుగాటి నెంబరు చూపించి ఊరుకున్నాను. నా తప్పేం లేదు. పై నుంచి వచ్చిన మాట, నేను చదివి వినిపించానంతే.

కొత్త మిషను కొనే స్థితి షాపుకి లేదు. ఈ పని పోతే షట్టరు దించేయడమే. అప్పుడు నూకరత్నం ఇంటికి, నేను పాత ఇనప సామాన్లకి, సూరిబాబు గారు ఎక్కడికో ఆయనకే తెలియదు. నవంబరుకి నాలుగు రోజులుందనగా రామచంద్రపురం నుంచి ఏలియా గారిని పిలిపించారు.

ఏలియా గారు కంప్యూటర్లకి ఆరెంపీ డాక్టరు లాంటి మనిషి. బండి దిగుతూనే నా నాడి పట్టుకున్నారు. ముందు ప్రింటరు పీకారు. తర్వాత వేలిముద్రల పెట్టె పీకారు. స్పీకర్లు పీకారు. నేను అదే నెంబరు చూపించాను. అప్పుడు లోపలికి తొంగిచూసి అడిగారు.

“ఇదేంటండి సూరిబాబుగారు, రెండు యాంటీవైరస్‌లు పెట్టేరు?”

“ఒకటి పట్టుకోలేనిది ఇంకోటి పట్టుకుంటదనండి.”

“అవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయండి. తోడికోడళ్లకి ఒకే వంటిల్లు ఇచ్చేరు మీరు.”

ఆ తోడికోడళ్లిద్దరినీ పంపించేశాక నాకు నిజంగానే తల తేలికైంది. ఏలియా గారు మళ్లీ ప్రయత్నించారు. ఈసారి నెంబరు లేదు. సూటిగా మాట: డిస్కులో చోటు చాలదు.

“ముప్పై జీబీలు కావాలండి. ఒకటిన్నరే ఉంది. ఏం కూరేరండి ఇందులో?”

“పెళ్లిళ్లండి,” అంది నూకరత్నం.

“ఎన్ని?”

“నాలుగు వేల చిల్లర. ఫోటోలతో సహా.”

ఏలియా గారు తేలిగ్గా ఊపిరి వదిలారు. “ఇదా రోగం. పాతవి చెరిపేద్దాం, అరగంట పని.”

“పెళ్లికార్డు చెరపనండి,” అన్నారు సూరిబాబు గారు.

“ఎప్పుడో అయిపోయిన పెళ్లిళ్లండి బాబూ. ఆళ్ల పిల్లలకి ఓణీలు కూడా ఇచ్చేసుంటారు.”

“ఇచ్చేరు. ఆ కార్డులూ ఉన్నాయి.”

“రెండో డిస్కు తగిలిద్దామంటే దీని బోర్డులో ఆ సాకెట్టు ఎప్పుడో కాలిపోయింది. సరే, బయటి డిస్కు తెచ్చేను. అన్నీ అందులోకి కాపీ తీసేస్తాను. అప్పుడు చెరిపితే ఏమైంది? నకలు ఉంటది గదా.”

కాపీకి ఆయన అడ్డు చెప్పలేదు. ఒక పూటంతా నాలుగు వేల జంటలు నాలోంచి కేబుల్ మీదుగా ఊరేగింపుగా వెళ్లాయి. నాదస్వరం ఒక్కటే తక్కువ. కానీ కాపీ అయ్యాక కూడా మా వాళ్లు నాలోనే ఉన్నారు, వెళ్లింది వాళ్ల నీడలు. ఏలియా గారు చెరిపే మీట మీద వేలు పెట్టగానే సూరిబాబు గారు ఆ వేలు పట్టుకున్నారు.

“నకలు ఉంటే మాత్రం అసలు చెరిపితే చెరిపినట్టే గదండీ. మీ ఆవిడ ఫోటో దాచుకుని మనిషిని పంపించేస్తారా?”

“ఆ సదుపాయం కూడా ఉందాండి?”

“మీ ఆవిడ ఆ మాట ఎప్పుడో అనేసుంటదండి,” అంది నూకరత్నం. “మీరు ఇంటికాడ వినిపించుకోలేదంతే.”

మర్నాడు పదకొండు గంటలకి, ఏలియా గారు ఇంకోసారి నచ్చజెప్పడానికి నా ముందు కూర్చుని ఫైళ్ల జాబితా పైకీ కిందకీ జరుపుతున్నారు. సూరిబాబు గారు గుమ్మం వైపు చూశారు. చూసి, ఉన్నపళంగా వంగి నా వెనక మాయమైపోయారు. వెంకాయమ్మ గారు మెట్లెక్కుతున్నారు. పక్కన చెయ్యి పట్టుకుని ముప్పై అయిదేళ్ల మనిషి. హైమవతి.

“సూరిబాబు లేడామ్మా?” అని అడిగారు వెంకాయమ్మ గారు.

“ఉన్నారండి,” అంది నూకరత్నం. ఆవిడకి అబద్ధం టైపు చేయడం కూడా రాదు. “మిషను వెనకాల ఉన్నారు.”

“వైర్లు చూస్తున్నానండి,” అంది నా వెనకనుంచి ఒక గొంతు.

“చూసుకో నాయనా. నాకు తొందరేం లేదు. నా వేలు ఎక్కడా పడతాలేదు. నవంబరొచ్చేలోపే ముద్ర పడుద్దో లేదో చూసుకుందామని రెండు షాపులు తిరిగేను. ముప్పై నాలుగేళ్లు మందునీళ్లతో చేతులు కడిగి కడిగి గీతలన్నీ పోయేయి. నేను బతికున్నానంటే ఆ పెట్టె నమ్మట్లేదు. నువ్వయితే ఓపిగ్గా వేయిస్తావని చెప్పేరు.”

సూరిబాబు గారు కదల్లేదు. చెంప నా ఫ్యాను దగ్గరే ఉంది. ఇంతలో హైమవతి తెరమీదకి వంగింది.

“అమ్మా, ఇదేంటి, నీ పేరుంది ఇక్కడ. వెంకాయమ్మగారు రెండు అని.”

ఇక దాక్కోవడానికి నేను కూడా పనికిరాలేదు. సూరిబాబు గారు లేచి నిలబడ్డారు. ఒక చెంపకి నా దుమ్ము అంటుకుని ఉంది. చేతులు కట్టుకుని, నేల చూస్తూ, పన్నెండేళ్లుగా మోస్తున్నదంతా ఒక్కసారి దించేశారు. దీపం పెట్టకముందు అనీ, కళ్లజోడు లేదనీ, రెండుకి బదులు ఒకటి అనీ. “మీ పెళ్లి చెరిపేసింది నేనేనమ్మా” అన్నారు చివరికి.

 హైమవతి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, కడుపులోంచి వచ్చిన నవ్వు.

“ఆ పెళ్లి చెరిపింది నేనండి బాబాయిగారు. తాతయ్య కర్మ అయిన మూడో రోజున ఆ పెళ్లికొడుకు ఫోన్ చేసేడు. మీ తాత మూలంగా నా సెలవులు పదిరోజులు వేస్టయిపోయాయి అన్నాడు. నేను ఫోను పెట్టేసేను. దాంతోపాటు పెళ్లీ పెట్టేసేను. మీరు కంప్యూటర్లో ఏం నొక్కేరో మాకు తెలియను కూడా తెలియదు.”

“మరి నన్ను చూసినప్పుడల్లా మొహం చాటేసేవాడివే,” అన్నారు వెంకాయమ్మ గారు. “నీకు మామీద కోపమేమో అనుకున్నాం. ఆర్డరిచ్చి ఆపేసేమని. దీనికి మళ్లీ సంబంధం కుదిరితే కార్డులకి ఆలమూరు దాకా పోయేం.”

“ఆలమూరా,” అన్నారు సూరిబాబు గారు. ఆ ఒక్క మాటలో పాప విముక్తి ఉంది, పోయిన ఆర్డరు మీద దిగులూ ఉంది. నాకు రెండూ వినిపించాయి.

“మరి ఈ రెండోది ఏంటండి?” అని హైమవతి అడిగింది.

నూకరత్నం తెరిచింది. నా తెరమీద దొమ్మేటి గవర్రాజు గారు ప్రత్యక్షమయ్యారు. తలపాగా, తెల్లటి మీసం, కెమెరాని కోప్పడుతున్నట్టు ఎత్తిన కనుబొమ్మ. కింద పెద్దకర్మ తేదీ. నాలుగు వేల పెళ్లిళ్ల మధ్య నాలో ఉన్న ఒకే ఒక్క చనిపోయిన మనిషి.

 వెంకాయమ్మ గారు తెరకి దగ్గరగా వచ్చారు.

“ఇంట్లో ఉన్న ఫోటోకి చెద పట్టేసింది,” అని హైమవతి మెల్లగా చెప్పింది. “అదొక్కటే ఉండేదండి. ఆయన ఫోటోలు దిగేవాడు కాదు.”

వెంకాయమ్మ గారు చెయ్యి చాపి తండ్రి కనుబొమ్మ మీద బొటనవేలు పెట్టారు. రెండు షాపుల్లో ఏ పెట్టెకీ ఆనని ఆ వేలు నా అద్దానికి ఆనింది. గీతలు నిజంగానే లేవు. వెచ్చదనం ఉంది.

సూరిబాబు గారు నలుపు-తెలుపు కాదని రంగు ప్రింటే తీసి ఇచ్చారు. తర్వాత ఏలియా గారి వైపు తిరిగి, “చెరపనైతే చెరపను. కానీ సాగనంపుతాను,” అన్నారు.

“అంటే ఏం నొక్కమంటారండి?”

“పూజ అయ్యాక దేవుణ్ణి ఊరికే తీసి పారేస్తామా? ఉద్వాసన చెప్పి, కలశం కాస్త కదిపి, నీళ్లలో కలుపుతాం.”

నూకరత్నం అగరుబత్తి వెలిగించింది. సూరిబాబు గారు నాకు నమస్కారం పెట్టి, మౌసుని పళ్లెం మీంచి కలశాన్ని కదిపినంత మెల్లగా కదిపారు. వినాయకుడి వాహనానికి అంత గౌరవం దక్కడం అదే మొదటిసారి. పెళ్లి ఫైళ్లన్నీ ఎంచి, మీట నొక్కారు. నొక్కగానే తెరమీద ఏం జరిగిందో చూసి ఆయన మొహం పాలిపోయింది.

“చెత్తబుట్టలో పడ్డాయేంటండీ.”

“ముందు అందులోకే వెళ్తాయండి. అది ఖాళీ చేస్తేగానీ చోటు రాదు.”

“పెళ్లికార్డుల్ని చెత్తబుట్టలోనా?”

వ్యవహారం మళ్లీ మొదటికొచ్చేలా ఉంది. ఏలియా గారు తల పట్టుకున్నారు. అప్పుడు నూకరత్నం ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని, ఆ బుట్ట బొమ్మ కింద ఉన్న పేరు తుడిచి, కొత్త పేరు టైపు చేసింది. ‘గోదారి’.

సూరిబాబు గారు కళ్లజోడు సవరించుకుని చదివారు. మొహం తేటపడింది. “ఆయ్. ఇప్పుడు బాగుంది,” అన్నారు. మళ్లీ అనుమానమొచ్చింది. “కానీ గోదారిని ఖాళీ చేయడమేంటి, ఎవరైనా వింటే.”

“ఖాళీ చేయడం కాదండి,” అంది నూకరత్నం. “సముద్రంలో కలిసిపోద్ది.”

ఆయన నొక్కారు. నాలుగు వేల జంటలు ఒకరి కొంగు ఒకరికి ముడేసుకుని నాలోంచి దిగి వెళ్లిపోయాయి. నాకేమనిపించిందని అడుగుతారేమో. పెళ్లి అయిపోయాక మండపంలో కుర్చీలు మడిచేస్తున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. గాలి ఆడింది.

అప్‌గ్రేడు ఒక శాతం, పది శాతం, ముప్పై శాతం అంటూ ఎక్కింది. మధ్యలో మూడుసార్లు ఆగి మళ్లీ లేచాను. ఆగినప్పుడల్లా సూరిబాబు గారు కాన్పు గది బయట తిరిగే మనిషిలా తిరిగారు. మధ్యాహ్నం భోజనాల వేళకి కొత్త తెరతో, కొత్త నడకతో కళ్లు తెరిచాను. ర్యామ్ అదే, రథం మాత్రం కొత్తది.

నవంబరు ఒకటో తారీకు పొద్దున్నే మొదటి మనిషి వెంకాయమ్మ గారు. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ, ఒక కాఫీ. వేలు పదకొండుసార్లు పడలేదు. “తొందర లేదమ్మా,” అన్నారు సూరిబాబు గారు ప్రతిసారీ. పన్నెండోసారి పడింది. వెంకాయమ్మ గారు బతికే ఉన్నారని ప్రభుత్వానికి నేనే చెప్పాను. నేను కూడా బతికే ఉన్నానని ఆ సందులోనే రుజువైపోయింది, నా సర్టిఫికెట్టు ఎవరూ అడగకపోయినా.

ఆ సాయంత్రం సూరిబాబు గారు పసుపు గిన్నె తెచ్చి నా నాలుగు మూలలకీ రాశారు. తర్వాత రెండు చేతులతో నన్ను పట్టుకుని బల్లమీద పక్కకి కదిపారు. నాకు గుండె, అంటే ఫ్యాను, ఆగినంత పనైంది. కదపడమంటే ఏమిటో మొన్ననే చూశాను కదా. నాకూ ఉద్వాసన చెబుతున్నారనుకున్నాను.

కాదు. ఆయన నన్ను ఈశాన్యం మూలకి జరిపారు. ఏ మూల నుంచి మిల్లువాళ్లు నన్ను తరిమేశారో అదే మూలకి. ఎందుకో నూకరత్నం అడిగింది.

“ఎదురుగా ఉంటే గుమ్మం కనపట్లేదే,” అన్నారాయన.

ఇప్పుడు నా డిస్కు సగానికిపైగా ఖాళీ. కొత్త పెళ్లికార్డులు రెండొచ్చాయి. పాతవాటిలో మిగిలింది ఒక్కటే, గవర్రాజు గారు. కర్మ మర్నాడే పోవలసిన మనిషి అందరికంటే ఎక్కువకాలం ఉన్నారు, ఇక మీదటా ఉంటారు. ఆ ఫైలు పేరు కూడా మారింది: వెంకాయమ్మగారి నాన్న. రోడ్డు మీంచి ఎవరైనా మెట్లెక్కుతుంటే కుర్చీలోంచి ఒక సన్నటి మనిషి తలెత్తి, “రండి, కూర్చోండి,” అంటాడు. మధ్యలో నేను లేను. మూలనుంచి చూస్తుంటాను. ఆయన మొహం ఇంత బాగుంటుందని పదమూడేళ్లలో నాకు తెలియలేదు. ఎప్పుడూ నా వెనకే ఉండేది మరి.